పొటెన్షియలా, స్థితిజ శక్తా: ఏ లెక్కకి ఏది మేలు?

ఇంటర్ ఫస్టియర్‌లో గురుత్వాకర్షణ పాఠం రాగానే పిల్లలందరిదీ ఒకటే గోల. స్థితిజ శక్తి అంటే ఎంజీహెచ్ (ద్రవ్యరాశి ఇంటూ గురుత్వ త్వరణం ఇంటూ ఎత్తు), అది టెన్త్ నుంచీ తెలుసు, మళ్లీ ఈ గురుత్వ పొటెన్షియల్ ఎందుకు, దాన్ని ద్రవ్యరాశితో గుణిస్తే శక్తే కదా వచ్చేది అని. గుణిస్తే శక్తి వచ్చేమాట నిజమే, కానీ ఏ లెక్కలో ఏది పట్టుకోవాలో తెలియకపోతే రెండు ఫార్ములాలూ నోటికి వచ్చినా టెన్షన్ తగ్గదు. నా ఓటు చాలావరకు పొటెన్షియల్‌కే, రెండు చోట్ల మాత్రం కాదు.

విశాఖ మధురవాడలో స్థలం చూడ్డానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది గజం ఎంత అని. ఆ రేటు ఆ వీధిది, మీరు కొన్నా మానేసినా అక్కడే ఉంటుంది. దాన్ని మీ రెండొందల గజాలతో గుణిస్తే వచ్చేది మీ జేబులోంచి పోయే డబ్బు. పొటెన్షియల్ కూడా అంతే, ఒక చోటుకి కిలోకి ఇన్ని జౌల్స్ అని ఉండే రేటు. స్థితిజ శక్తి అక్కడ పెట్టిన వస్తువుకి పడిన మొత్తం.

కైలాసగిరి రోప్‌వే తీసుకోండి. లెక్క సులువుగా ఉండటానికి కింది స్టేషన్‌కీ పై స్టేషన్‌కీ ఎత్తు తేడా 100 మీటర్లు అనుకుందాం. పొటెన్షియల్ తేడా కిలోకి 980 జౌల్స్. 60 కిలోల మనిషి ఎక్కితే 58,800 జౌల్స్, 80 కిలోల మనిషికి 78,400. క్యాబిన్ ఖాళీగా పోయినా, సెలవు రోజు జనంతో కిక్కిరిసి పోయినా ఆ 980 మాత్రం కదలదు. అయితే మోటారు ఎంపిక చేసే ఇంజినీరుకి 980 ఒక్కటీ చెప్తే సరిపోదు, నిండు క్యాబిన్‌కి మొత్తం ఎంత అన్నదే కావాలి. ఇలా భూమికి దగ్గర్లో, ఫలానా బరువుని ఫలానా ఎత్తుకి లేపాలి అన్నప్పుడు ఎంజీహెచ్చే మేలు, రెండో మాట లేదు.

ఇక ఎత్తు అంటున్నాం గానీ, ఎక్కడినుంచి? తేడా తీసేటప్పుడు సున్నా ఎక్కడ పెట్టినా ఒకటే అనుకోండి. కానీ దేశం మొత్తానికి ఎత్తులు రాయాలంటే ఎక్కడో ఒకచోట సున్నా పెట్టాలి కాబట్టి సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు వందేళ్ల కిందటే తొమ్మిది రేవుల దగ్గర కొలిచిన సముద్ర మట్టాన్ని ఆధారంగా తీసుకున్నారు, ఆ తొమ్మిదిలో మన విశాఖ ఒకటి. కదలకుండా నిలిచిన నీటికి, భూమి తిరగడం వల్ల వచ్చే పొటెన్షియల్ కూడా కలుపుకుంటే, ఉపరితలమంతా ఒకే పొటెన్షియల్ ఉండాలి, లేకపోతే ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి నీరు పారుతుంది. ఎన్ని కిలోల నీరు అన్న ప్రశ్నే రాదు ఇక్కడ. ఇందులో స్థితిజ శక్తిని పట్టుకుని చేసేదేమీ లేదు.

అసలు తేడా తెలిసేది భూమిని వదిలి పైకి పోయినప్పుడు. అక్కడ సున్నాని అనంత దూరంలో పెట్టి, పొటెన్షియల్‌ని మైనస్ జీఎం బై ఆర్ అని రాస్తారు (జీ గురుత్వ స్థిరాంకం, ఎం భూమి ద్రవ్యరాశి, ఆర్ భూమి కేంద్రం నుంచి దూరం). భూమి ఉపరితలం మీద అది కిలోకి దాదాపు మైనస్ 6.25 కోట్ల జౌల్స్. అంటే కిలో వస్తువు భూమి పట్టు నుంచి పూర్తిగా బయటపడాలంటే 6.25 కోట్ల జౌల్స్ చాలు. 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాకా అయితే సుమారు 37 లక్షలు. ఎంజీహెచ్‌తో వేస్తే 39 లక్షలు వస్తుంది, ఆరు శాతం ఎక్కువ, సరే పోనిద్దాం. (ఈ 37 లక్షలు మన ఇంటి కరెంటు ఒక యూనిట్‌కి కాస్త ఎక్కువ, అంతే. రాకెట్‌కి ఖర్చంతా ఎత్తుకి కాదు, అక్కడ పడిపోకుండా తిరగడానికి కావాల్సిన వేగానికి.) అదే ఎంజీహెచ్‌ని 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే భూస్థిర ఉపగ్రహానికి వాడి చూడండి: కిలోకి 35 కోట్లు! అనంతానికి పోవడానికే 6.25 కోట్లు చాలంటే మధ్యలో ఆగడానికి 35 కోట్లేంటి? సరైన జవాబు 5.3 కోట్లు. గురుత్వ త్వరణం పైకి పోయేకొద్దీ తగ్గుతుందన్న సంగతి ఎంజీహెచ్‌కి తెలియదు.

పలాయన వేగం, అంటే భూమి పట్టు నుంచి పూర్తిగా బయటపడటానికి కావాల్సిన వేగం కూడా పొటెన్షియల్‌తో ఒక్క లైనులో వచ్చేస్తుంది. కిలోకి గతిజ శక్తి, అంటే వేగం వర్గంలో సగం, 6.25 కోట్లకి సమానం అని రాస్తే సెకనుకి 11.2 కిలోమీటర్లు. ద్రవ్యరాశి ఊసే లేదు కాబట్టి గులకరాయికీ రాకెట్‌కీ అదే వేగం. భూమి, చంద్రుడు రెండూ లాగుతున్నా పొటెన్షియల్ అదిశ రాశి (దిశ లేనిది) కాబట్టి రెండు అంకెలు కూడితే చాలు, కోణాలూ కొసైన్లూ అక్కర్లేదు.

పొటెన్షియల్ ముంచే చోటు ఒకటుంది. ఒక్కోటి ఎం చొప్పున మూడు సమాన ద్రవ్యరాశులు, భుజం ఏ ఉన్న సమబాహు త్రిభుజం మూలల్లో ఉన్నాయి, వ్యవస్థ మొత్తం స్థితిజ శక్తి ఎంత అని అడిగారనుకోండి. ఒక్కో మూల దగ్గర మిగతా రెండింటి పొటెన్షియల్ మైనస్ 2జీఎం బై ఏ, దాన్ని ద్రవ్యరాశితో గుణించి మూడు మూలలకీ కూడితే మైనస్ 6జీఎం స్క్వేర్ బై ఏ. అసలు జవాబు మైనస్ మూడే. స్థితిజ శక్తి ఏ ఒక్క ముక్కదీ కాదు, జంటది, మనమేమో ప్రతి జంటనీ రెండుసార్లు లెక్కేశాం. ఇలాంటప్పుడు పొటెన్షియల్ జోలికి పోకుండా జంటలు ఎన్నో చూసి నేరుగా శక్తే కూడేయండి. పరీక్షలో ఇచ్చే ఆప్షన్లలో ఆ మైనస్ ఆరు కూడా ఎదురుచూస్తూ ఉంటుంది.