పిల్లల సైనస్ ఇన్ఫెక్షన్: యాంటీబయాటిక్ వెంటనేనా, కొన్నాళ్లు ఆగాలా?

చీమిడి పచ్చగా మారగానే మనకు టెన్షన్ మొదలవుతుంది. కానీ మామూలు వైరస్ జలుబులోనూ కొన్ని రోజులకు చీమిడి చిక్కబడి రంగు మారుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

శ్రమ: మందు మొదలుపెడితే డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేళకు పట్టించాలి. ఆగితే ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేస్తూ, నీళ్లు తాగిస్తూ, జ్వరం చూసుకుంటూ ఉండాలి. రాత్రి నిద్ర ఎలాగూ ఉండదు.

ఖర్చు: ఆగడమే చవక.

రిస్క్: మందుతో విరేచనాలు, దద్దుర్లు రావచ్చు. అనవసరంగా వాడితే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది, నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఆగితే, అరుదుగా ఇన్ఫెక్షన్ కంటివైపు, మెదడువైపు పాకవచ్చు.

10 రోజులు దాటినా చీమిడి, దగ్గు తగ్గకపోయినా బిడ్డ హుషారుగా ఉంటే, డాక్టర్‌తో మాట్లాడి ఇంకో 3 రోజులు చూడొచ్చు. 39 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, చిక్కటి రంగు చీమిడి కలిసి వరుసగా 3 రోజులు ఉన్నా, జలుబు తగ్గుముఖం పట్టాక మళ్లీ తిరగబెట్టినా యాంటీబయాటిక్ వైపే మొగ్గాలి. కంటి చుట్టూ వాపు, తీవ్రమైన తలనొప్పి, ఆగని వాంతులు కనిపిస్తే మాత్రం రోజులు లెక్కపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.