ఆండ్రాయిడ్ పక్కన ఎవరు నిలబడతారు? మదర్‌షిప్ క్లాసులపై సమీక్ష

మెరైన్, ఆండ్రాయిడ్ (మనిషి రూపంలోని యంత్రం), సైంటిస్ట్, టీమ్‌స్టర్ (ఓడలో పనిచేసే కార్మికుడు). డైస్ వేస్తూ కథ నడిపే అంతరిక్ష హారర్ రోల్‌ప్లేయింగ్ ఆట మదర్‌షిప్‌లో క్లాసులు, అంటే పాత్రల రకాలు, ఈ నాలుగే అని ఆడేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. క్యారెక్టర్ ఎంత తొందరగా తయారవుతుందో, షీట్ ఎంత సులువుగా ఉందో అందరూ పొగిడేశారు. ఇన్నాళ్లు ఆడించాక కూడా నాకు మోజు తీరనిది ఒక్కటే: ప్రతి క్లాసు కింద ఒక్క లైనులో ఉండే ట్రామా రెస్పాన్స్ (భయం, ఒత్తిడి వేళ ఏమవుతుందో చెప్పే నియమం). మిగతా సైన్స్ ఫిక్షన్ ఆటల్లో క్లాసు నీకేం చేతనవునో చెబుతుంది. ఇక్కడ నువ్వు బెదిరిపోతే పక్కవాడి గతేంటో చెబుతుంది.

అన్నిట్లోకీ పాపిష్టిది ఆండ్రాయిడ్ లైను. అది క్లోజ్ రేంజిలో (బాగా దగ్గర్లో) ఉంటే తోటి ఆటగాళ్ల ఫియర్ సేవ్‌లన్నీ (భయాన్ని తట్టుకోవడానికి వేసే రోల్స్) డిసడ్వాంటేజ్‌తో పడతాయి, అంటే రెండుసార్లు వేసి చెడ్డదే తీసుకోవాలి. మెరైన్ లైను ఇంకోటి: మెరైన్ ప్యానిక్ అయితే దగ్గరున్న ప్రతివాడూ ఫియర్ సేవ్ వేయాలి. విడివిడిగా చదివితే రెండూ మామూలుగానే అనిపిస్తాయి. ఒకే గదిలో పడ్డాకే అసలు లొల్లి.

లెక్క చూడండి. క్యారెక్టర్ తయారుచేసేటప్పుడు సేవ్‌ల అంకెలు రెండు డి10ల (పది ముఖాల డైస్) మొత్తానికి 10 కలిపి వస్తాయి, అంటే సగటున 21. ఫియర్‌లో మెరైన్‌కు 20, టీమ్‌స్టర్‌కు 10 అదనం, సైంటిస్ట్‌కు ఏమీ లేదు. ఆండ్రాయిడ్‌కు మాత్రం ఏకంగా 60. ఆటలో రెండు డి10లను పదులు, ఒకట్లుగా చదివి (00 నుంచి 99) ఆ అంకె కన్నా తక్కువ వేస్తేనే గెలుపు కాబట్టి మెరైన్‌కు మామూలుగా నూటికి 41 సార్లు గట్టెక్కే అవకాశం ఉంది. ఆండ్రాయిడ్ పక్కనుంటే అది 17కు పడిపోతుంది. సైంటిస్ట్ 21 నుంచి నాలుగున్నర దగ్గరకు జారిపోతాడు, అంటే ఓడిపోయినట్టే. ఓడిన ప్రతిసారీ ఒక స్ట్రెస్ (పోగవుతూ పోయే ఒత్తిడి పాయింటు). ఇంత చేసి, 81 ఫియర్ పెట్టుకున్న ఆండ్రాయిడ్ మాత్రం చెక్కుచెదరదు.

టేబుల్ మీద ఇదెలా ఉంటుందో ఒక సరుకుల లిఫ్ట్ ఉదాహరణ. లోపల నలుగురు, కరెంటు పోయింది, పైకప్పు మీద ఏదో నడుస్తున్న చప్పుడు. మెరైన్ ఫియర్ 42, స్ట్రెస్ 4. మొదటి జత 35, గట్టెక్కాడు. కానీ పక్కన ఆండ్రాయిడ్ ఉంది కదా, రెండో జత కూడా వేయాలి: 77. ఓడిపోయాడు, పైగా జంట అంకె కాబట్టి క్రిటికల్ ఫెయిల్యూర్, ఇక ప్యానిక్ చెక్ తప్పదు. డి20 (ఇరవై ముఖాల డైస్) మీద స్ట్రెస్ కన్నా ఎక్కువ పడాలి, 3 పడింది. మెరైన్ ప్యానిక్. ఇప్పుడు సైంటిస్ట్ వంతు: ఫియర్ 22, మొదటి జత 18, రెండోది 64. టీమ్‌స్టర్ ఫియర్ 33, మొదటిది 29, రెండోది 40. మొదటి జతతో ముగ్గురూ బయటపడ్డవాళ్లే, రెండో జతతో ముగ్గురూ మునిగారు. ఆ క్షణంలో అందరూ ఆండ్రాయిడ్ ఆడుతున్నవాడి వైపు చూసే చూపు ఏ వర్ణనతోనూ రాదు. పాపం అతను నోరు కూడా విప్పలేదు.

అందుకే రెండు రంగుల డి10 జతలు కొనుక్కోండి. రెండూ ఒకేసారి వేయించొద్దు. మొదటి జత వేయించి, అంకె పైకి చదివించి, ఆ తర్వాతే రెండోది చేతికివ్వాలి. గెలిచింది చేజారడం కంటికి కనిపించాలి.

2017లో వచ్చిన స్టార్‌ఫైండర్ అనే ఇంకో అంతరిక్ష రోల్‌ప్లేయింగ్ ఆటతో పోల్చకుండా ఉండలేను. అందులో ఆపరేటివ్ అనే క్లాసు ఏడో లెవెల్‌కు వచ్చాక ట్రిక్ అటాక్‌కు (శత్రువును ఏమార్చి కొట్టే దెబ్బ) డైస్ వేయకుండానే పది పడ్డట్టు లెక్కేసుకోవచ్చు. నైపుణ్యం పెరిగేకొద్దీ భయం పోతుంది. వీరగాథకు అది సరే. మదర్‌షిప్‌లో లెవెళ్లే లేవు, స్ట్రెస్ కూడా 2కు దిగువకు రాదు.

అయితే ఈ అందమంతా ఆటగాళ్లు నియమం కంఠతా పట్టేవరకే. ఆ తర్వాత తెలివిమీరి "నువ్వు ఓడలోనే ఉండి కంప్యూటర్ చూసుకో" అని ఆండ్రాయిడ్‌ను పక్కన పెట్టేస్తారు. కథగా చూస్తే అదీ బాగానే ఉంటుంది, ఎవరూ చెప్పకుండానే యంత్రాన్ని వెలివేశారు కదా. కానీ ఆ క్యారెక్టర్ ఆడేవాడు ఆదివారం పూట అంత దూరం వచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. పుస్తకం దీనికి మందు చెప్పదు, ఆట నడిపే వార్డెనే చూసుకోవాలి. ఆండ్రాయిడ్‌కు మొదటినుంచీ ఉండే స్కిల్స్ లింగ్విస్టిక్స్, కంప్యూటర్స్, మ్యాథమెటిక్స్. తెరవాల్సిన టెర్మినల్ ఓడలో కాకుండా ప్రమాదం ఉన్న గదిలోనే పెట్టండి, దూరం నుంచి కనెక్షన్ కుదరనివ్వకండి. అది పనిచేస్తుంటే ఇంకొకరు తలుపు పట్టుకు నిలబడాల్సిన అవసరం కల్పించండి. పక్కన ఉంటే భయం, లేకపోతే పని కాదు.

ఇంకో కిటుకు: "నేను క్లోజ్‌లో ఉన్నానా?" అన్న ప్రశ్న డైస్ పడ్డాక రాకూడదు. కాగితం మీద గది గీసి, క్యారమ్ కాయిన్లు పెట్టించి, ఆ తర్వాతే రోల్. లేకపోతే ప్రతివాడూ రెండడుగులు వెనక్కి వేసి ఉంటాడు, అదేం చిత్రమో.

సైంటిస్ట్ లైను మీద నాకు మొదట్లో ఉన్నంత గౌరవం ఇప్పుడు లేదు. అతని శానిటీ సేవ్ (మతి తప్పకుండా నిలుపుకోవడానికి వేసే రోల్) ఓడితే దగ్గరివాళ్లందరికీ తలా ఒక స్ట్రెస్. వినడానికి బాగుంది. కానీ రాక్షసుడు కనపడగానే వార్డెన్ల నోట వచ్చేది ఫియర్ సేవే, శానిటీ గుర్తుకే రాదు. చచ్చిపోయినవాడి పేరుతో ఇవాళ్టి తేదీ వేసిన లాగ్, లోపలి కొలత బయటి కొలత కన్నా ఎక్కువున్న గది లాంటివి కావాలని రాసిపెట్టుకుంటేనే ఆ లైను నిద్రలేస్తుంది. టీమ్‌స్టర్‌కైతే సెషన్‌కు ఒకసారి ప్యానిక్ చెక్‌లో అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి మంచిది ఎంచుకోవడం) తీసుకునే వీలుంది. హాయిగా ఉంటుంది, కానీ ఎవరి నెత్తికీ చుట్టుకోదు. నా దృష్టిలో నాలుగింటిలో చప్పగా ఉన్నది అదే.

కొనాలా అంటే, ముందు ఆట నియమాల పుస్తకం ప్లేయర్స్ సర్వైవల్ గైడ్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని కోఠిలో జిరాక్స్ తీయించుకుని ఆడి చూడండి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా చెల్లాచెదురుగా ఉండి, ఈ వారం వచ్చినవాడు వచ్చేవారం రాని మా లాంటి గుంపుకు లెవెళ్లు లేకపోవడం పెద్ద సుఖం. నలుగురైదుగురు ఉండి, మూడు గంటల్లో ముగించేస్తే ఈ క్లాసులకు తిరుగులేదు. ఇద్దరే ఉంటే మాత్రం ట్రామా రెస్పాన్స్ సగం చచ్చిపోతుంది, ఒకడు భయపడితే అంటుకోవడానికి ఇంకొక్కడే కదా. ఏడాదిపాటు ఒకే క్యారెక్టర్‌ను పెంచుకునే సరదా ఉన్నవాళ్లకు స్టార్‌ఫైండరే నయం. ఒకే సెషన్‌లో ఇద్దరు ఆండ్రాయిడ్లు అడిగితే మాత్రం నేను ఒప్పుకోను. డిసడ్వాంటేజ్ రెట్టింపు కాదు, కానీ గదిలో భయపడే మనిషి ఒకడు తగ్గిపోతాడు.