రోజువారీ రోడ్డు పరుగుకి కిన్వారానా, పెగాససా?

రోజూ రోడ్డు మీద పరిగెత్తడానికి ఒక్క జతే కొనాలి, అది తేలిగ్గా ఉండాలి అంటే నా ఓటు సకోనీ కిన్వారాకే. నైకీ పెగాసస్ కూడా మంచి షూనే, కానీ దాని బలం వేరు.

మగవాళ్ల సైజుల్లో కిన్వారా 14వ మోడల్ ఒక్కోటి సుమారు 200 గ్రాములు, పెగాసస్ 41వ మోడల్ సైజును బట్టి 280–300. నెమ్మదిగా పరిగెత్తే రోజు ఈ తేడా పెద్దగా తెలియదు. టెంపో రన్‌లోనో (కాస్త కష్టమనిపించే వేగంతో ఆపకుండా పరిగెత్తడం), ఇంటర్వెల్స్‌లోనో (వేగంగా, నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తడం) బాగా తెలుస్తుంది. అందుకే ఒకే షూతో అన్నీ చేయాలనుకునేవాళ్లకి కిన్వారా నచ్చుతుంది.

అసలు చూసుకోవాల్సింది డ్రాప్, అంటే మడమ దగ్గర ఎత్తుకీ ముందు పాదం దగ్గర ఎత్తుకీ ఉన్న తేడా. కిన్వారాలో 4 మిల్లీమీటర్లు, పెగాసస్‌లో 10. డ్రాప్ తగ్గితే పిక్కలకీ, మడమ వెనక ఉండే స్నాయువుకీ (అకిలీస్ టెండన్) పని పెరుగుతుంది. పెరిగితే భారం కొంత మోకాళ్ల వైపు వెళ్తుంది. ఇప్పటికే పిక్కలు పట్టేస్తుంటే కిన్వారాతో తొందరపడకండి. కొన్ని వారాలు చిన్న పరుగులకే వాడి, మెల్లగా దూరం పెంచండి.

మన్నికలో పెగాసస్‌దే పైచేయి. దాని అడుగంతా రబ్బరే. కిన్వారాకి అరిగే చోట్లే రబ్బరు, మిగతాది ఫోమ్. బరువు తగ్గిందీ కొంత అందుకే.

మడమ గట్టిగా మోపి, వారమంతా ఒకే వేగంతో ఎక్కువ దూరాలు పరిగెత్తేవాళ్లయితే మాత్రం పెగాసస్సే తీసుకోండి.