పల్చటి బట్టను మిషను మింగకుండా ఆపే ఒంటి రంధ్రం ప్లేటు: ఒక సమీక్ష

జార్జెట్, షిఫాన్, మల్లు గుడ్డ, శాటిన్ లైనింగ్ వంటి పల్చటి బట్టలను ఇంట్లో జిగ్‌జాగ్ మిషను మీద కుట్టేవారికి బాగా పరిచయమైన ఇబ్బంది ఒకటుంది. కుట్టు మొదలుపెట్టిన రెండు మూడు పోట్లలోనే బట్ట మూల సూదితో పాటు, సూది దిగేచోట ఉండే లోహపు ప్లేటు కిందికి దిగి, బట్టను ముందుకు జరిపే పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. కింద దారం ఉండ కట్టి మిషను ఆగిపోతుంది. లాగి తీస్తే పోగు జారి బట్టకు చిల్లు పడుతుంది. ఆ చిల్లు పట్టు జాకెట్టు భుజం మీదో, ఖరీదైన దుపట్టా మూలలోనో పడితే కలిగే బాధ కుట్టేవారందరికీ తెలిసినదే. దీనికి మందుగా అమ్ముతున్న ఒంటి రంధ్రం నీడిల్ ప్లేటును, దానితో పాటు వచ్చే స్ట్రెయిట్ స్టిచ్ ఫుట్‌ను (సూటి కుట్టు వేసేటప్పుడు బట్టను పై నుంచి అదిమి పట్టే పాదాన్ని) కొని, పలు రకాల బట్టల మీద వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ప్లేటు విలువ తెలియాలంటే ముందు జబ్బుకు కారణం తెలియాలి. జిగ్‌జాగ్ కుట్టులో సూది ఎడమకూ కుడికీ కదలాలి గనుక మిషనుతో వచ్చే ప్లేటులో అడ్డంగా ఒక చీలిక ఉంటుంది. ఆ మిషను వేయగల కుట్టు వెడల్పును బట్టి అది సుమారు 5 నుంచి 7 మిల్లీమీటర్లు, కొన్ని మిషన్లలో 9 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సూటి కుట్టు వేసేటప్పుడు సూదికి ఆ చీలికలో కొద్దిపాటి చోటు చాలు. మిగిలినదంతా బట్టకు కింద ఆధారం లేని ఖాళీయే. వెడల్పు మూతి కుండకు వదులుగా వాసెన కట్టి వేలితో పొడిస్తే గుడ్డ లోపలికి దిగిపోయినట్టు, సూది పొడిచినప్పుడు పల్చటి బట్ట ఆ చీలికలోకి దిగిపోతుంది. కుట్టు మధ్యలో సూదికి ముందూ వెనకా బట్ట ఉంటుంది, ఫుట్ దాన్ని అన్ని వైపులా అదిమి పట్టుకుంటుంది కాబట్టి ప్రమాదం తక్కువ. మొదట్లో మాత్రం అంచు సరిగ్గా సూది కిందే ఉంటుంది. వెనకవైపు పళ్ళకు పట్టుకోవడానికి బట్టే ఉండదు. అందుకే ఈ బెడద దాదాపు ఎప్పుడూ కుట్టు ఆరంభంలోనే వస్తుంది. సూటి కుట్టు మాత్రమే వేసే పాత నల్ల మిషన్ల ప్లేటుకు సూది దిగేంత చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటుంది కనుక, వాటి మీద ఎంత పల్చటి బట్టయినా నిబ్బరంగా మొదలవుతుంది. ఒంటి రంధ్రం ప్లేటు చేసే పని కూడా అంతే: జిగ్‌జాగ్ మిషనును తాత్కాలికంగా సూటి కుట్టు మిషనుగా మారుస్తుంది.

నా మిషనుకు బిగించడం తేలికే. కరెంటు తీసి, సూదినీ ఫుట్‌నూ విప్పి, ప్లేటుకున్న రెండు స్క్రూలు తీసి, కొత్తది పెట్టి బిగించాలి. పాత ప్లేటు ఎత్తినప్పుడే పళ్ళ సందుల్లో పేరుకున్న దూదిని బ్రష్‌తో తీసేయడం మంచిది, ఎందుకంటే ఆ దూది గట్టిపడితే బట్ట సరిగా ముందుకు జరగదు. బిగించిన తరువాత మోటారు జోలికి పోకుండా చేతి చక్రాన్ని మీవైపుకు నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి, సూది రంధ్రం నడిమధ్యన దిగుతోందో లేదో చూసుకోవాలి. ఇది తప్పనిసరి.

పనితీరు విషయంలో నేను ఆశించిన దానికంటే ఎక్కువే దొరికింది. మల్లు గుడ్డకు 10 నంబరు సూది, జార్జెట్‌కు 9 నంబరు సూది వేసి, అంచు నుంచే మొదలుపెట్టినా బట్ట కిందికి దిగలేదు. మరీ జారిపోయే శాటిన్ లైనింగ్ కూడా మూల ముడుచుకోకుండా సాగింది. నేను కోరుకోని మేలు ఇంకొకటి జరిగింది. సూది ప్రతి పోటులోనూ బట్టను కిందికి లాగడం తగ్గడంతో కుట్టు వరుస నిటారుగా వచ్చింది, జాకెట్టు డార్ట్ (ఒంటికి అమరేందుకు కుట్టే మడత) చివర్లలో ముడతలు బాగా తగ్గాయి. తోడుగా వచ్చిన ఫుట్‌కు కూడా సన్నటి రంధ్రమే ఉండడం వల్ల బట్టను సూది చుట్టూ పై నుంచి అదిమి పట్టుకుంటుంది. ప్లేటు ఒక్కటే మార్చినప్పటి కంటే రెండూ కలిపి వాడినప్పుడు ఫలితం స్పష్టంగా మెరుగ్గా ఉంది. విడివిడిగా అమ్మేచోట కూడా రెండూ కలిపి కొనమనే నా సలహా.

అయితే కింద దారం ఉండ కట్టడానికి చీలిక ఒక్కటే కారణం కాదు, రెండో కారణం కూడా ఉంది, దాన్ని ఏ ప్లేటూ తీర్చలేదు. మొదటి కుట్టులో సూది పై దారాన్ని కిందికి తీసుకుపోగానే, ప్లేటు కింద తిరిగే షటిల్ కొన ఆ దారపు ఉచ్చును పట్టుకుని, కింది దారం చుట్టి ఉండే బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అప్పుడు పై దారం కొస వదులుగా ఉంటే అదీ లోపలికి పోయి చిక్కుపడుతుంది. కాబట్టి బాబిన్ దారాన్ని ముందే పైకి తెచ్చి, రెండు కొసలూ నాలుగైదు అంగుళాలు ఉండేట్టు ఫుట్ కింద నుంచి వెనక్కి లాగి, మొదటి మూడు నాలుగు కుట్లు పడేదాకా వేలితో పట్టుకోవాలి. పై దారాన్ని పైకీ కిందికీ లాగే టేకప్ లివర్ పైన ఉన్నప్పుడే కుట్టు మొదలుపెట్టాలి. అక్కడి నుంచి చేతి చక్రం తిప్పి సూదిని బట్టలోకి దించి, ఆ తరువాతే ఫుట్ దించడం ఇంకా క్షేమం. పై దారం ఎక్కించేటప్పుడు ఫుట్ ఎత్తి ఉండాలి, లేకపోతే దారం, దాని బిగువును అదుపు చేసే టెన్షన్ బిళ్ళల మధ్యకు దిగదు. అలా దిగకపోతే ఎంత మంచి ప్లేటు పెట్టినా కింద దారం గూడు కట్టక మానదు. మొదట్లో వెనక్కి కుట్టి ముడివేసే అలవాటున్నవారు, అంచుకు కాస్త లోపల నుంచి మొదలుపెట్టి అంచు దాకానే వెనక్కి రావాలి, దాన్ని దాటకూడదు.

ఇక లోపాలు. ఈ ప్లేటు ఉండగా పొరపాటున జిగ్‌జాగ్, పీకో లేదా కాజా కుట్టు తిప్పితే సూది లోహానికి తగిలి విరుగుతుంది. ముక్క ఎగిరి కంటికి తగలవచ్చు, షటిల్ కూడా దెబ్బతినవచ్చు. జంట సూది కూడా పనికిరాదు. చీరలకు ఫాల్, పీకో వేసేవారు ఒకే పూటలో ఈ పనులన్నీ మార్చి మార్చి చేస్తారు. అలాంటివారికి ప్రతిసారీ స్క్రూలు విప్పడం విసుగు పుట్టిస్తుంది. నేను కుట్టు రకం తిప్పే మీట పక్కన ఎర్ర స్టిక్కరు అంటించాను, ఈ ప్లేటు వాడే ప్రతి ఇంట్లోనూ అలాంటి గుర్తు ఉండాలని గట్టిగా చెబుతాను. మరో లోపం గీతలది: నాకు వచ్చిన ప్లేటు మీద కొలతలు మిల్లీమీటర్లలోనే ఉన్నాయి. అరంగుళం, పావంగుళం లెక్కన కుట్టు మార్జిన్ వదిలే మన అలవాటుకు అది ఇబ్బందే. జీన్స్ అంచుల దగ్గర ఇది ఉపయోగపడదు. అక్కడ బట్ట దిగిపోవడం కాదు, మందం మీద ఫుట్ వెనక్కి వాలిపోవడం సమస్య. ఫుట్ వెనక అంతే మందమున్న మడత గుడ్డ పెట్టి దాన్ని సమంగా నిలబెట్టడమే దానికి మార్గం.

కొనేముందు మిషను మోడల్ నంబరు చెప్పి, దానికే చేసినదని నిర్ధారించుకోవాలి. సూటి కుట్టుకు సూది కొన్ని మిషన్లలో మధ్యన, కొన్నింటిలో ఎడమన నిలుస్తుంది కాబట్టి రంధ్రం అక్కడే ఉన్న ప్లేటు కావాలి. చేతికి రాగానే రంధ్రం అంచు మీద దూది పుల్లను తిప్పి చూడండి. దూది పట్టుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే, అది దారాన్ని తెంపుతుంది, వెనక్కి పంపేయాలి. పల్చటి బట్ట ఎప్పుడో ఒకసారి మాత్రమే కుట్టేవారు డబ్బు పెట్టనక్కరలేదు: గట్టి గుడ్డ పీలిక మీద కుట్టు మొదలుపెట్టి, ఆపకుండా అసలు బట్ట మీదికి వెళ్ళి, తరువాత పీలికను కత్తిరించేస్తే సరిపోతుంది. మిషనుతో వచ్చిన ప్లేటు మీదే అయితే, సూదిని ఎడమ స్థానానికి జరిపితే చీలిక అంచే బట్టకు ఒకవైపు ఆధారమవుతుంది. జాకెట్లు, లైనింగులు, జార్జెట్ దుస్తులు తరచుగా కుట్టేవారికి మాత్రం ఈ ప్లేటు, ఫుట్ జత పెట్టిన డబ్బుకు తగిన సరుకు.