లుంబినీ పార్కా, దుర్గం చెరువా?

హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌తో మధ్యాహ్నం ఎక్కడికైనా పోదాం అనుకుంటే మా గ్యాంగ్‌లో ఎప్పుడూ ఇదే గొడవ. లుంబినీ పార్క్ చిన్నదే కానీ అసలు మజా అంతా బోట్‌లో ఉంది, టికెట్ తీసుకుని ఎక్కితే హుస్సేన్‌సాగర్ మధ్యలో 1992లో నిలబెట్టిన బుద్ధుడి దాకా తీసుకెళ్తారు, ఒకే రాతిలో చెక్కిన విగ్రహం, కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది, ట్యాంక్‌బండ్ మీద నుంచి చూసేదానికీ దీనికీ సంబంధమే ఉండదు. ఎండాకాలంలో నీళ్ల వాసన మాత్రం కొంచెం భరించాలి మరి. ఆదివారమైతే జనమే జనం.

దుర్గం చెరువులో అలా ఒక్కటే పెద్ద అట్రాక్షన్ అని లేదు, రాళ్ల గుట్టలు, వాకింగ్ ట్రాక్, 2020లో ఓపెన్ చేసిన కేబుల్ బ్రిడ్జి, అంతే. ఒకప్పుడు గోల్కొండ కోటకి తాగునీళ్లు ఇక్కణ్ణుంచే వెళ్లేవట, ఇప్పుడేమో చుట్టూ ఐటీ బిల్డింగులు! కబుర్లు చెప్పుకుంటూ నడవడానికైతే నా ఓటు దీనికే. ఊరి నుంచి ఫ్రెండ్స్ వస్తే మాత్రం లుంబినీయే, బుద్ధుణ్ణి చూపించకపోతే ఊరుకోరు కదా. దుర్గం చెరువుకి నాలుగున్నర దాటాకే వెళ్లండి, ఎండా తగ్గుతుంది, కాసేపు ఆగితే బ్రిడ్జి లైట్లు కూడా చూసి రావచ్చు.