డౌన్‌లోడ్ చిటికెలో, జవాబు మాత్రం దాటవేత (2 స్టార్లు)

నీటిరంగుల్లో పూలు, ఆకులు వేసి క్లిప్‌ఆర్ట్‌గా, అంటే ఇతరులు తమ డిజైన్లలో వాడుకునే రెడీమేడ్ బొమ్మలుగా అమ్ముకుంటాను. ఈ డిజిటల్ స్టోర్‌లో కొనడానికైతే ఏ ఇబ్బందీ లేదు. కావాల్సింది ఇట్టే దొరుకుతుంది, డబ్బు కట్టగానే లింకు వస్తుంది. ఆ రెండు స్టార్లూ అందుకే.

వాళ్ల ఆఫర్ మెయిల్‌లో ఓ పూల బొమ్మల బండిల్ కనిపించింది. చూస్తే అందులో నా మందారాలు! ఎడమా కుడీ మార్చేసి పెట్టారు. నేను సంతకాన్ని ఆకు ఈనెల్లో కలిపేస్తాను. జూమ్ చేస్తే అద్దంలో అక్షరాల్లా తిరగబడి అక్కడే ఉంది. దాన్ని చెరిపేసే ఓపిక కూడా లేదు దొంగగారికి.

ఫిర్యాదు చేస్తే, "మాది వేదిక మాత్రమే, బాధ్యత అప్‌లోడ్ చేసినవాళ్లది, డీఎంసీఏ ప్రకారం మాకు రక్షణ ఉంది" అని జవాబొచ్చింది. 1998 నాటి ఆ అమెరికా కాపీరైట్ చట్టం రక్షణ ఊరికే ఇవ్వదు. వేదికకి అది దొంగ సరుకని తెలిసి ఉండకూడదు, నోటీసు అందాక జాప్యం లేకుండా తీసేయాలి, పదేపదే ఇదే పని చేసేవాళ్ల ఖాతాలు మూసేసే పద్ధతి ఉండాలి, తన అదుపులో ఉన్న ఉల్లంఘన మీద నేరుగా లాభం తీసుకోకూడదు. పైగా ఆ రక్షణ వాడుకరులు పెట్టిన సరుకుని తమ దగ్గర నిల్వ ఉంచేవాళ్ల కోసం. ఈ బండిల్‌ని కూర్చింది స్టోరే! పేరు వాళ్లది, కవర్ వాళ్లది, 'ఎడిటర్ ఎంపిక' ముద్రా వాళ్లదే. ఏరి, మూటగట్టి, సొంత పేరుతో అమ్మినవాళ్లు అమ్మకందారులు కాక ఇంకేమవుతారు? తెలియక అమ్మామన్నా అక్కడి చట్టంలో ఉల్లంఘన ఉల్లంఘనే. మహా అయితే పరిహారం తగ్గొచ్చు.

చివరికి పేజీ తీసేశారు లెండి. కానీ అప్పటికే కొన్నవాళ్ల సంగతి? 'కమర్షియల్ లైసెన్స్' అనే పీడీఎఫ్‌ని నమ్మి గ్రీటింగ్ కార్డుల మీద, కప్పుల మీద నా పూలు అచ్చేస్తున్నారు. తమది కాని హక్కుని స్టోర్ వాళ్లు ఎలా రాసిస్తారు? ఆ పీడీఎఫ్ చిత్తు కాగితంతో సమానం. పాపం, కొన్నవాళ్లకి ఒక్క మెయిల్ కూడా వెళ్లలేదు. ఆఫర్లు పంపేటప్పుడు మాత్రం అందరి అడ్రసులూ ఉంటాయి!

ఆ బండిల్ కొన్నవాళ్లు ఉంటే నాకు రాయండి. మీ మీద నాకే కోపమూ లేదు, సరైన లైసెన్స్ నేనే ఇస్తాను. ఆ బండిల్ మీద ఎంత వచ్చిందో లెక్క చెప్పమని స్టోర్‌ని అడిగాను. ఇంకా ఉలుకూ పలుకూ లేదు.