మియాటాకు కొత్త టైర్లు, స్మోకీ కొండల దారులు

అట్లాంటా వైపు స్పోర్ట్స్ కారు కొన్న ప్రతివాడినీ తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "డ్రాగన్‌కి వెళ్లొచ్చావా?" నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులో యూఎస్ 129 మీద 11 మైళ్లలో 318 మలుపులున్న ముక్క అది. టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అంటారు. పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్లిపోయాక మేము టొయోటా సియెన్నా వ్యాన్ అమ్మేసి, 2017 మోడల్ మాజ్డా మియాటా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. అక్టోబరు చివర్లో, ఆకులు రంగు మారే రోజుల్లో వెళ్దామనుకున్నాం. ముందు టైర్ల సంగతి తేల్చాల్సి వచ్చింది.

పైకి చూస్తే టైర్లకు ఏ లోటూ లేదు. పెన్నీ నాణెం తలకిందులుగా గాడిలో పెడితే దాని మీది లింకన్ బొమ్మ జుట్టంతా లోపలికి పోయింది, అంటే గాడి ఇంకా లోతుగానే ఉందని. అమ్మినాయన కూడా అదే చూపించి "ఇంకో రెండేళ్లు ఢోకా లేదు" అన్నాడు. టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్ మీద ఉండే డాట్ నంబరు (తయారీ కోడ్) చివరి నాలుగంకెలు మాత్రం వేరే కథ చెప్పాయి. చాలా టైర్ల మీద ఆ పూర్తి నంబరు ఒక్క వైపే ఉంటుంది, అదీ లోపలి వైపుకు పోతే కింద పడుకుని ఫోన్ కెమెరాతో ఫొటో తీయాల్సిందే. మావాటి మీద 4816 అని ఉంది. అంటే 2016లో 48వ వారంలో తయారైనవి. గాడుల అడుగున వెంట్రుకంత సన్నని పగుళ్లు కూడా కనిపించాయి. మియాటా బరువు టన్నుకు కాస్త ఎక్కువ, అంతే. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే ఇలాంటి కార్లకు టైరు అరిగిపోదు, ముసలిదైపోతుంది. రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు పోతుంది. ఆరేళ్లు దాటితే మార్చమని కొన్ని కార్ల కంపెనీలు చెప్పేది అందుకే.

ఇక ఏ టైరు? కోన్ల మధ్య టైము పెట్టి కార్లు నడిపే ఆటోక్రాస్ పోటీలకు వెళ్లే మా కాలనీ కుర్రాడు ఒకే మాట మీద ఉన్నాడు. "అన్నా, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్ వేయించు. జిగురులా అంటుకుంటాయి." అవి సమ్మర్ టైర్లు. వాటి ట్రెడ్‌వేర్ అంకె 200; ఈ అంకె ఎంత ఎక్కువైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుందని లెక్క. ఎండలో, వేడెక్కిన రోడ్డు మీద వాటికి తిరుగులేదు, నిజమే. కానీ మేం వెళ్లేది అయిదు వేల అడుగుల ఎత్తుకు, తెల్లవారే చలిలో, తడిసిన ఆకులు పరుచుకున్న రోడ్ల మీదికి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే సమ్మర్ టైర్ల రబ్బరు బిగుసుకుపోతుంది. నడిపేది ఒక యాభై ఏళ్లాయన, పక్కన కూర్చునేది ఆయన భార్య. రేస్ ట్రాక్ పట్టుతో మాకేం పని?

చివరికి రెండు ఆల్-సీజన్ రకాలు మిగిలాయి: మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్. ట్రెడ్‌వేర్ మొదటిదానికి 540, రెండోదానికి 560. ఆ అంకెలు ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునేవే కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చి మురిసిపోనక్కర్లేదు. 45,000 మైళ్ల వారంటీ, 50,000 మైళ్ల వారంటీ అన్న పోటీ కూడా మాకు అనవసరం. అన్ని మైళ్లు తిరిగేలోపే వీటికీ వయసైపోతుంది. కాంటినెంటల్ కాస్త చవగ్గా, మెత్తగా ఉంటుందని అదే తీసుకున్నాం. దాని ట్రెడ్ మీద డి, డబ్ల్యూ, ఎస్ అక్షరాలు చెక్కి ఉంటాయి. టైరు అరిగే కొద్దీ మొదట ఎస్ పోతుంది, అంటే మంచులో ఇక పనికిరాదని. తర్వాత డబ్ల్యూ, అంటే వానలో జాగ్రత్త అని. పెన్నీ నాణెం కన్నా ఇది నయం.

బిగించే చోటు ఎంచుకోవడం ఇంకో పని. డీలరు దగ్గర రేటు వింటే టెన్షన్ వస్తుంది. కాస్ట్‌కోలో పంక్చర్ సర్వీసు కలిపే ఇస్తారు గానీ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయరు. మా కారుకు అదే ముఖ్యం. అది సరిగా లేకపోతే టైరు లోపలి అంచే అరిగిపోతుంది, బయటి నుంచి చూస్తే తెలియదు. అందుకని అలైన్‌మెంట్ మెషిన్ ఉన్న ఒక చిన్న షాపుకి వెళ్లాం. పని శుభ్రంగా చేశారు, అలైన్‌మెంట్ లెక్కల కాగితం అడక్కుండానే ఇచ్చారు. గాలి మాత్రం అన్ని కార్లకూ కొట్టినట్టే 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి పంపారు. డోరు దగ్గరి స్టిక్కరు మీద 29 అని ఉంది. ఇంత తేలిక కారుకు 36 అంటే రోడ్డు మీద ప్రతి గులకరాయీ నడుముకు తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ కారైతే వీల్ లాక్ కీ (చక్రాలు దొంగిలించకుండా వేసే ప్రత్యేక నట్లను విప్పే సాధనం) ఎక్కడుందో వెళ్లేముందే చూసుకోండి, లేకపోతే చక్రమే ఊడదు. కొత్త టైర్లు మొదటి కొన్ని వందల మైళ్లు మెల్లగా నడిపితేనే పూర్తి పట్టు ఇస్తాయి. కాబట్టి ప్రయాణం ముందు రోజు మాత్రం వేయించుకోవద్దు.

జార్జియాలోనే డాలనెగా ఊరు దాటి బ్లడ్ మౌంటెన్ ఎక్కుతుండగానే సన్నటి వాన మొదలైంది. పాత టైర్లతో ఇలాంటి తడిలో మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం చిన్నగా జారేది. ఈసారి స్టీరింగ్ ఎటు తిప్పితే అటు నిశ్శబ్దంగా వెళ్లింది. నా లెక్కలో ఖర్చంతా అక్కడే తీరిపోయింది.

డ్రాగన్ సంగతి చెబితే కొందరికి కోపం రావచ్చు. ఒక్కసారి చూస్తే చాలు. ఒక పక్క నేషనల్ పార్కు, ఇంకో పక్క అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా అడ్డరోడ్లు లేవు, ఆ సుఖం నిజమే. కానీ స్పీడ్ లిమిట్ 30 మైళ్లు. ఎదురుగా గీత దాటి వంగి వచ్చే బైకులు, వెనక తరుముకొచ్చే కార్లు, మలుపు మలుపుకీ ఫొటోలు తీసి అమ్ముకునేవాళ్లు. ఒక్క క్షణం పక్కకు చూసే వీల్లేదు. సగం దారిలోనే మా ఆవిడ "ఏమండీ, ఇంకెన్ని ఉన్నాయి?" అని కళ్లు మూసుకుంది. డ్రాగన్‌కి ఒక చివర ఉన్న డీల్స్ గ్యాప్ దగ్గర ట్రీ ఆఫ్ షేమ్ (సిగ్గు చెట్టు) అని ఒక చెట్టుంది. పడిపోయిన బైకుల ముక్కలు దానికి వేలాడదీస్తారు. అది చూశాక తిరుగు ప్రయాణంలో నేనూ ఇంకా నెమ్మదించాను.

ఆ దగ్గర్లోనే ఉన్న ఇంకో కొండ రోడ్డు చెరోహాలా స్కైవే అలా కాదు. రాబిన్స్‌విల్ నుంచి టెలికో ప్లెయిన్స్ దాకా 43 మైళ్లు, 1996లో తెరిచారు. పొడవాటి మలుపులు, 5,300 అడుగులు దాటే ఎత్తు, ఆగి చూడటానికి బోలెడు చోట్లు. టాప్ దించి, హీటర్ పెట్టుకుని పోతుంటే మియాటా దీనికోసమే పుట్టిందేమో అనిపించింది. మధ్యలో పెట్రోలు దొరకదు, ఫోన్ సిగ్నల్ నమ్ముకోకూడదు. ఈ కారుకు స్టెప్నీ కూడా లేదు, టైరులోకి ఎక్కించే సీలెంటు సీసా ఒక్కటే. అది సైడ్‌వాల్ చిరిగితే పనిచేయదు. టెలికో ప్లెయిన్స్ దగ్గర బాల్డ్ రివర్ జలపాతం రోడ్డు మీది వంతెన నుంచే కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వరం.

బసకు రాబిన్స్‌విల్‌లో ఒక మోటెల్ చూశాం. చవక, శుభ్రం, కానీ తెల్లారేసరికి కిటికీ కిందే బైకులు స్టార్ట్ చేస్తారు. ఫాంటానా విలేజ్ దానికన్నా ఖరీదే అయినా మా ఓటు దానికే. 1940ల్లో ఫాంటానా డ్యామ్ కట్టిన కార్మికుల కోసం వెలసిన ఊరది. క్యాబిన్లలో వంటగది ఉంటుంది. శాకాహారులకు ఆ చుట్టుపక్కల దొరికేది ఫ్రెంచ్ ఫ్రైస్, సలాడే కాబట్టి రెండో పూటకు ఆ వంటగది విలువ తెలుస్తుంది. మొదటి పూటకు ఇంటి నుంచి తెచ్చిన పులిహోర ఉంది. మియాటా డిక్కీలో ఒక చిన్న సూట్‌కేసు, రెండు సంచులు పడితే గొప్ప. కుక్కర్ నా భార్య కాళ్ల దగ్గర ప్రయాణం చేసింది.

అక్టోబరు వారాంతాల్లో క్యాబిన్లు చాలా ముందే అయిపోతాయి. మంగళ, బుధవారాల్లో వెళ్తే గదీ దొరుకుతుంది, రోడ్డూ ఖాళీగా ఉంటుంది. పొద్దున్నే బయల్దేరేముందు గేజితో గాలి చూసుకోండి. పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలి పెరిగితే దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ఇంట్లో 29 ఉన్నది కొండ మీద 26కి దిగొచ్చు.